ఏ కార్డు పక్కన ఏ కార్డు

పాత బేస్‌బాల్ కార్డులు ఇంట్లో సర్దుదామని కూర్చుంటే మొదట వచ్చే చిక్కు ధరలతో కాదు, కొలతలతో. ఈ రోజు అమెరికాలో ఏ దుకాణంలో కొన్నా మామూలు కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉంటుంది. టాప్స్ కంపెనీ 1957లో ఆ కొలత పట్టుకుంది, తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. అంతకు ముందు 1952 నుంచి 1956 దాకా అదే కంపెనీ వేసిన కార్డులు కాస్త పెద్దవి. వెడల్పులో అంగుళంలో ఎనిమిదో వంతు, పొడవులో పావు అంగుళం ఎక్కువ. 1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ వేసినవి ఇంచుమించు చదరంగా ఉంటాయి. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చినవి అరచేతిలో సగం కూడా ఆక్రమించవు. అన్నింటినీ ఒకే పెట్టెలో నిలబెట్టామా, పెద్దవాటి అంచులు మూతకు తగిలి నలుగుతాయి, చిన్నవి వాటి మధ్యకు జారిపోతాయి. పాత కార్డుకు ప్రాణమంతా దాని నాలుగు మూలల్లోనే ఉంటుంది కాబట్టి, ముందు కొలతల ప్రకారం విడదీయక తప్పదు.

ఇదంతా నాకు పుస్తకాల్లో దొరికిన విద్య కాదు. నేను ఉండేది పిట్స్‌బర్గ్ శివారులో, పెన్ హిల్స్ గుట్ట మీది వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లో. ఒక గ్రంథాలయంలో పాత కాగితాలు భద్రపరిచే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పక్కింటి పెద్దావిడ భర్త పోయాక ఆయన బట్టల బీరువా అడుగున బూట్ల పెట్టెలు బయటపడ్డాయి. వాటి నిండా ఆయన చిన్ననాటి కార్డులు. పిల్లలు ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్నారు. “వాళ్ళు వచ్చేలోపు వీటికో దారి చూపించాలి. మీరు పాత కాగితాలు చూసినవారు కదా” అని ఆవిడ అడిగింది. ఆ చలికాలమంతా ఇద్దరం వాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం.

పాత కాగితాలు చూసుకునేవాళ్ళకు వృత్తిలో మొట్టమొదట నేర్పే సూత్రం ఒకటుంది. ఎవరి కాగితాలైనా సరే, అవి వచ్చిన వరసను చెదరగొట్టకూడదు. మనకు గజిబిజిగా కనిపించిన వరస వెనక ఆ మనిషి ఆలోచన ఉండవచ్చు. ఒకసారి చెదిరితే దాన్ని మళ్ళీ కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని ఒక్క కార్డు కూడా కదపకముందే మూత తీసిన ప్రతి పెట్టెనూ ఫోటో తీశాం. ఏ కట్ట పక్కన ఏ కట్ట ఉందో, కట్టలో ఏది పైన ఏది కింద ఉందో కాగితం మీద రాసుకున్నాం. ఆవిడకు మొదట ఇది విసుగనిపించింది. ఎలాగూ నంబర్ల ప్రకారం పేర్చేవాటికి పాత వరస ఎందుకు అంది.

ఎందుకో ఒక పలచటి కట్ట చెప్పింది. అందులో తొమ్మిదే కార్డులు. అన్నీ టాప్స్ వాళ్ళు 1960లో వేసినవి, అన్నీ పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాళ్ళవి. కానీ జట్టులో పేరున్నవాళ్ళు పైన, లేనివాళ్ళు కింద అన్నట్టు లేదు. అక్షర క్రమమూ కాదు, నంబర్ల క్రమమూ కాదు. విర్డన్, గ్రోట్, స్కిన్నర్, నెల్సన్, క్లెమెంటే, బర్జెస్, హోక్, మాజెరోస్కీ, లా. ఆవిడ ఆ పేర్లు ఒకటొకటే పైకి చదువుతూ చదువుతూ హోక్ దగ్గర ఆగిపోయింది. 1960 అక్టోబర్ 13న ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానంలో జరిగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో పైరేట్స్ బ్యాటింగుకు దిగిన వరస అది.

బేస్‌బాల్ తెలియని మన పాఠకుల కోసం నాలుగు మాటలు. వరల్డ్ సిరీస్‌లో రెండు జట్లు గరిష్ఠంగా ఏడు ఆటలు ఆడతాయి, ముందు నాలుగు గెలిచినవాళ్ళది విజయం. 1925 తర్వాత అప్పటిదాకా పిట్స్‌బర్గ్‌కు ఆ భాగ్యం దక్కలేదు. ఎదుట న్యూయార్క్ యాంకీస్. ఆ ఏడు ఆటల్లో కలిపి యాంకీస్ 55 పరుగులు చేస్తే పైరేట్స్ చేసినవి 27. అంత తేడా ఉన్నా చెరి మూడు ఆటలు గెలిచి ఏడోదాకా వచ్చారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు 9-9. ఎనిమిదో స్థానంలో దిగే బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటి వెళ్ళింది. వరల్డ్ సిరీస్ ఏడో ఆట అలా ఆఖరి దెబ్బకు హోమ్‌రన్‌తో ముగియడం ఆ ఒక్కసారే జరిగింది. ఫోర్బ్స్ ఫీల్డ్ ఇప్పుడు లేదు. ఈ ఊళ్ళోనే ఓక్‌లండ్ అనే పేటలో యూనివర్సిటీ భవనాల మధ్య దాని గోడలో కొంత ముక్క మిగిలి ఉంది. ఏటా అక్టోబర్ 13న జనం ఆ గోడ దగ్గర చేరి, ఆనాటి రేడియో వ్యాఖ్యానం మొదటినుంచీ వింటారు.

పక్కింటాయన ఆ రోజు బడి పిల్లవాడు. ఆట అయ్యాకో, ఆ రాత్రో, ఆ వారమో, తన దగ్గరున్న కార్డుల్లోంచి ఆ తొమ్మిదిమందినీ ఏరి, దిగిన వరసలో పేర్చి కట్ట కట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ కట్ట సంగతి భార్యకు కూడా చెప్పలేదు. నంబర్ల ప్రకారం సర్ది ఉంటే తొమ్మిది కార్డులూ తొమ్మిది చోట్లకు పోయేవి. కార్డులు భద్రంగానే ఉండేవి, కట్ట పోయేది. ఆ కట్టకు ఏ దుకాణంలోనూ ప్రత్యేకమైన ధర లేదు. ఆ పెట్టెలన్నింటిలో అతి విలువైనది మాత్రం అదే, నా దృష్టిలో.

ఇక్కడ రబ్బరు బ్యాండ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ కట్టను అన్నేళ్లు పట్టి ఉంచిందీ, పాడు చేసిందీ అదే. రబ్బరు ముసలిదవుతున్నకొద్దీ గట్టిపడి, జిగురై, అట్టకు అంటుకుంటుంది. పై కార్డు అంచున నొక్కులు పడతాయి, గోధుమరంగు గీత మిగులుతుంది. బలవంతంగా లాగితే అచ్చు పొర కూడా ఊడి వస్తుంది. అంటుకున్నచోట వదిలేసి చుట్టూ కత్తిరించి తీయడం మేలు. పైనున్న విర్డన్, కిందున్న లా ఆ గీతలతోనే ఉండిపోయారు. వాటిని చెరపడానికి మేం ప్రయత్నించలేదు.

ఇక దేంట్లో పెట్టాలి అన్నది. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. ఒకప్పుడు అమ్మిన మెత్తటి ఆల్బం పేజీల్లో చాలావరకు పీవీసీ. కొత్త రెయిన్‌కోటు వాసన వేసేది అదే. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ల మీద బయటికి ఊరి కార్డుకు అంటుతుంది, కార్డు పేజీకి కరుచుకుపోతుంది. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ అయితే ఆ భయం లేదు. కొనేటప్పుడు పీవీసీ లేదని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఒక్కో కార్డుకు ముందు పలచటి మెత్తని తొడుగు, మంచి కార్డయితే దాని మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు. 1957 తర్వాతవాటికి తొమ్మిది జేబుల పేజీలు సరిపోతాయి. అంతకు ముందు పెద్దవాటికి ఎనిమిది జేబులవి విడిగా దొరుకుతాయి. ఫైలులో పేజీలు కుక్కకూడదు. పెట్టెలో నిలబెడితే ఖాళీ వదలకూడదు, వదిలితే కార్డులు వాలి విల్లులా వంగిపోతాయి. అట్టపెట్టె ఆమ్లం లేనిదై ఉండాలి. బూట్ల పెట్టె అట్టలో ఉండే ఆమ్లం చుట్టుపక్కల కాగితాన్ని కూడా పసుపుపచ్చగా మారుస్తుంది.

దాచే చోటు విషయంలో అమెరికా ఇళ్ళు మోసం చేస్తాయి. బేస్‌మెంట్‌లో బోలెడు చోటు ఉంటుంది, కానీ చెమ్మ. అటక మీద పొడిగా ఉంటుంది, కానీ వేసవిలో కొలిమి. గాలిలో తేమ నలభై, యాభై శాతం మధ్య నిలకడగా ఉండే చోటు కావాలి. నిలకడ ముఖ్యం. తడీ పొడీ మారుతూ ఉంటే అట్ట ఉబ్బుతూ కుంచించుకుంటూ పొరలు విడిపోతుంది. ఇంటి మధ్య గదిలో, బయటి గోడకు ఆనని అల్మారా మధ్య అర చాలు. గోడకు తగిలించి చూసుకోవాలని ఆశపడేవాళ్ళు ఎండ తగలని గోడ చూసుకోవాలి, కొన్నాళ్ళకోసారి కార్డు మార్చాలి. వెలుతురుకు పోయిన రంగు తిరిగి రాదు. మన అలవాటు కొద్దీ కలరా ఉండలు వేద్దామని నాకూ చెయ్యి లాగింది, కానీ వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌కు పడదు. పట్టుకోవడానికి గ్లవ్స్ అక్కర్లేదు, వాటి దారాలు మూలలకు తగులుకుంటాయి. కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు.

తక్కిన కార్డుల్ని ఏ వరసలో పెట్టాలన్నది అసలైన ఆలోచన. కంపెనీ వేసిన నంబర్ల వరస చప్పగా ఉంటుందనుకునేవాళ్ళు టాప్స్ 1952 వరసను ఒకసారి చూడాలి. 407 కార్డులు. సై బెర్గర్ అనే ఉద్యోగి, వుడీ గెల్మన్ అనే చిత్రకారుడితో కలిసి, బ్రూక్లిన్‌లో తన ఇంటి వంటింటి బల్ల మీద వాటికి రూపం ఇచ్చాడు. చివరి విడత 311తో మొదలవుతుంది. 311 యాంకీస్ జట్టు మికీ మాంటిల్. 312 బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు జాకీ రాబిన్సన్, 1947లో పెద్ద లీగుల్లో వర్ణవివక్ష గోడను బద్దలు కొట్టినవాడు. 1952 వరల్డ్ సిరీస్‌లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. జట్ల ప్రకారం సర్దితే వీళ్ళిద్దరూ దూరం అవుతారు. ధరల ప్రకారం సర్దితే మాంటిల్ ఒక్కడే ఎక్కడో పైన కూర్చుంటాడు. నంబర్ల వరసలోనే ఇద్దరూ పక్కపక్కన ఉంటారు.

ఆటగాడి ప్రకారం సర్దితే ఇంకో కథ బయటపడుతుంది. రొబెర్తో క్లెమెంటే పోర్టోరికో నుంచి వచ్చినవాడు, ఈ ఊరి దైవం. ఊరి మధ్య నదిమీది వంతెనకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన కార్డులు ఏళ్ల వారీగా పరిచి చూశాం. 1955లో మొదటి కార్డు మీద పేరు రొబెర్తో. 1957 నుంచి 1960ల చివరిదాకా బాబ్. పలకడానికి తేలిగ్గా ఉంటుందని అమెరికా తగిలించిన పేరు, ఆయనకు నచ్చని పేరు. ఆ తర్వాతి కార్డుల్లో మళ్ళీ రొబెర్తో. 1972 చివరి రోజున, భూకంపం వచ్చిన నికరాగ్వాకు సహాయ సామగ్రి తీసుకెళ్తూ విమానం సముద్రంలో కూలి ఆయన పోయాడు. 1973 కార్డు ఆయన పోయాక వచ్చింది. దాని మీద ఆయన సొంత పేరే ఉంది. ఆఫీసులో తన పేరు ముక్కలై పలకబడుతుంటే విన్న ప్రతి తెలుగువాడూ ఆ బాబ్ కార్డుల వరస ముందు ఒక్క నిమిషం ఆగుతాడు. నేను ఆగాను. విడివిడిగా చూస్తే అవి మామూలు కార్డులే. పక్కపక్కన పెడితేనే ఒక మనిషికి జరిగిన అన్యాయం, అది సరిదిద్దుకున్న తీరు కనిపిస్తాయి.

వరసకున్న బలం తెలిసినవాడు జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ వాడు, విద్యుత్ పరికరాల కంపెనీలో ఉద్యోగి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. అచ్చయిన కార్డులన్నింటికీ వర్గాలు కట్టి జాబితా పుస్తకం వేశాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు టీ అన్న అక్షరం పెట్టాడు. ఇప్పుడు అందరూ టీ206 అని పిలిచే సిగరెట్ కార్డుల వరసకు ఆ పేరు పెట్టింది వేసిన కంపెనీ కాదు, సర్దిన బర్డిక్. మూడు లక్షలకు పైగా ముక్కల్ని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చేశాడు, అందులో ముప్పై వేలకు పైగా బేస్‌బాల్ కార్డులు. ఇచ్చి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి మ్యూజియంలోనే ఒక బల్ల దగ్గర కూర్చుని వాటిని స్వయంగా ఆల్బంలలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని పూర్తి చేశాడు, మార్చిలో కన్నుమూశాడు. జిగురు పెట్టి అంటించడం ఇప్పటివాళ్ళు చూస్తే గుండె పట్టుకుంటారు. నేనూ ఎవరికీ ఆ సలహా ఇవ్వను. కానీ ఆయన ఆ కార్డులు అమ్ముకోవడానికి దాచలేదు, ఎవరైనా వచ్చి పేజీ తిప్పి చూడడానికి దాచాడు. ఆ ఉద్దేశం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ధరల గోల పూర్తిగా వదిలేయలేం. అమెరికాలో వయసు మళ్ళిన మగవాళ్ళను కదిపితే ఒకటే మాట. “నా కార్డులన్నీ మా అమ్మ పారేసింది, లేకపోతే ఈపాటికి కోటీశ్వరుణ్ణి.” ఆ మాట అన్యాయం అంటాను. కొడుకు కాలేజీకో సైన్యానికో వెళ్ళిపోయాడు. ఇల్లు మారాల్సి వచ్చింది. బీరువా అడుగున చెమ్మ పట్టిన అట్టపెట్టె ఉంది. అందులో ఏముందో, ఎందుకుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పారేసిన వాళ్ళు తల్లులు మాత్రమేనా? 1952 చివరి విడత సరిగా అమ్ముడుపోక గోదాములో మిగిలితే, 1960లో ఆ పెట్టెల్ని పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని స్వయంగా సై బెర్గరే చెప్పాడు. ఆ విడతలోదే మాంటిల్ 311. అలాంటి ఒక్క కార్డు 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. 1980ల చివర్లో వచ్చిన కార్డుల్ని మాత్రం కోట్లు వస్తాయని జనమంతా పెట్టెల కొద్దీ దాచారు. కంపెనీలు కుప్పలుగా అచ్చేశాయి. వాటిలో చాలావాటికి ఈ రోజు కాఫీ డబ్బులు కూడా రావు. ధర వచ్చేది పారేసినవాళ్ళ వల్ల. అందుచేత ధర కోసం దాచడమనే లెక్క నా మనసుకు ఎక్కదు.

ఖరీదైన కార్డుల్ని నాణ్యతా సంస్థలకు పంపి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేయించి, తెరవలేని గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి తెప్పించుకునే పద్ధతి 1990ల నుంచి పెరిగింది. అలా మార్కు వేయించుకున్న తొలి కార్డుల్లో హోనస్ వాగ్నర్ టీ206 ఒకటి. పైరేట్స్ మహానుభావుడే, ఈ ఊరి పక్కనే పుట్టినవాడు. ఆయన అభ్యంతరంతో అచ్చు ఆగిపోయిన ఆ కార్డులు ఇప్పుడు అతి కొద్దిగా మిగిలాయి. ఎనిమిది మార్కులు వేయించుకున్న ఆ వాగ్నర్ అంచుల్ని తానే కత్తిరించానని దాన్ని అమ్మిన వ్యాపారి 2013లో కోర్టు విచారణలో ఒప్పుకున్నాడు. మూలలు పదునుగా కనిపించాలని చేసిన పని. ఒకటి రెండు మంచి కార్డులకు ఆ పలకలు రక్షణే, కాదనను. పిల్లవాడి చేతిలో నలిగిన మూలను లోపంగా మాత్రమే చూసే కన్ను మనకు వద్దంటాను. మాజెరోస్కీ కార్డు వెనక ఆకుపచ్చ సిరాతో దిద్దిన గీత ఉంది. మార్కులు వేసేవాళ్ళకు అది మచ్చ.

చివరికి మేం చేసింది ఇది. కార్డులన్నింటినీ ఏళ్ల ప్రకారం, ఏడాదిలో నంబర్ల ప్రకారం పెట్టాం. క్లెమెంటేలకు విడిగా ఒక పేజీ. ఆ తొమ్మిదింటినీ మాత్రం కదపలేదు. టాప్స్ 1960 కార్డుల మీద బొమ్మలు అడ్డంగా ఉంటాయి, కాబట్టి తొమ్మిది జేబుల పేజీని పక్కకు తిప్పి చూస్తే మూడు వరసల్లో ఏడో ఆట మొత్తం కనిపిస్తుంది. విర్డన్‌తో మొదలై లాతో ముగుస్తుంది. ఆ పేజీ వెనక ఆవిడ తన చేతిరాతతో తేదీ, ఆట, ఈ వరస ఎవరు పెట్టారు అన్నది రాసి పెట్టింది. పిల్లలు వచ్చారు, చూశారు. అమ్మకానికి తీసుకెళ్ళేవి తీసుకెళ్ళారు. ఆ ఫైలు మాత్రం ఆవిడ దగ్గరే ఉంది.

అన్నింటికన్నా ముఖ్యమైన సామగ్రి ఒక తెల్ల కాగితం. పెట్టెకొక పట్టీ ఉండాలి. ఏ ఏడాదివి, ఏ కంపెనీవి, ఏ నంబర్లు, ఎక్కడ మరకలున్నాయి, ఎవరు ఇచ్చారు, ఏ కట్ట ఎందుకు విడిగా ఉంది, ఇవన్నీ మామూలు మాటల్లో రాయాలి. ఒక ప్రతి పెట్టెలో, ఒక ప్రతి ఇంటి కాగితాలతో పాటు. పెన్సిలుతో రాస్తే సిరా అంటుతుందనే భయం ఉండదు. కార్డులు లేని ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మన ఇళ్ళలో అగ్గిపెట్టె బొమ్మలు దాచిన తండ్రులున్నారు, తపాలా బిళ్ళలు దాచిన మేనమామలున్నారు, బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు దాచిన అన్నయ్యలున్నారు. అవి గుంటూరులో ఏ అటక మీదో, హైదరాబాద్‌లో ఏ సూట్‌కేసు అడుగునో ఉంటాయి.

వాటిని సర్దడానికి ముందు ఉన్నది ఉన్నట్టు ఒక ఫోటో తీయండి. దాచిన మనిషి ఇంకా ఉంటే, పెట్టె తెచ్చి వాళ్ళ ముందు పెట్టి, ఏది ఎందుకు అక్కడ పెట్టారో అడిగి రాసుకోండి. రబ్బరు బ్యాండ్లుంటే అవి మాత్రం ఈ రోజే తీసేయండి.